ఉన్నదానికంటే ఎక్కువ గొప్పదని జనం నెత్తిన మోసేసిన సినిమా మీ లెక్కలో ఏది? నా ఓటు స్వాతిముత్యానికి

పాత ఆపరేటరు:

చివరిదాకా చదివాక తిట్టండి, అదొక్కటే మనవి.

కోనసీమలో ఓ చిన్న ఊళ్ళో సినిమా హాలు ఆపరేటర్నండి నేను. 1984లో రీళ్ళు చుట్టే కుర్రాడిగా చేరాను. 2009లో మా హాలుకి డిజిటల్ డబ్బా వచ్చింది, నన్ను ఇంటికి పంపింది. ఇప్పుడా హాలు కళ్యాణమండపం. మొన్నామధ్య ఓ పెళ్ళికెళ్ళి, బంతి లేచేదాకా నిలబడి పైకి చూస్తే క్యాబిన్ కన్నాలు నాలుగూ అలాగే ఉన్నాయి. ఒకదాంట్లోంచి ఏసీ గొట్టం బయటికొచ్చింది.

ఆపరేటరు రోజూ సినిమా చూస్తాడనుకుంటారు. చూడడండి. ప్రొజెక్టర్లో వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు కాలుతుంటే వాటి మధ్య ఎడం చూసుకోవాలి. అయిపోయిన రీలు వెనక్కి చుట్టుకోవాలి. తెగితే అతికించుకోవాలి, ఈలోగా నేలవాళ్ళ తిట్లు వినాలి. మిగిలిన టైములో కన్నంలోంచి చూస్తే ముందు కనపడేవి తలకాయలు, ఆ తర్వాతే తెర. అందుకని సినిమా కంటే సినిమా చూసే జనమే నాకు ఎక్కువ తెలుసు. మ్యాట్నీలో ఎవడైనా బీడీకి లేచి తలుపు తీశాడంటే నేల మీద ఎండ గీత ఒకటి పడుతుంది. పాతికేళ్ళు ఆ గీతలు లెక్కపెట్టాను. ఏ సినిమాలో ఎన్ని గీతలు పడ్డాయో, ఏ పాటకి పడ్డాయో నన్నడగండి, ఏ పేపర్లో రాసిన రివ్యూ కంటే నికార్సుగా చెబుతాను.

శంకరాభరణం నేను చేరాక మా హాలుకి రెండుసార్లు తిరిగొచ్చింది. పక్కా కచేరీ పాటలు కదా, మా వరికోతల జనం బయటికి పరిగెడతారనుకున్నాను. గీతలు పడలేదు. మాయాబజార్ అయితే చెప్పక్కర్లేదు, ఎస్వీ రంగారావు గారు పెళ్ళి వంటకాల ముందు కూర్చోగానే సోడాల కుర్రాడు కూడా అమ్మడం మానేసి గోడకి ఆనుకునేవాడు. పేర్లు చెప్పను గాని, బిరుదులున్న హీరోల సినిమాలు కొన్నిటికి మధ్యాహ్నం ఆటలో హాలంతా చారల చొక్కాలా ఉండేది.

కె. విశ్వనాథ్ గారి స్వాతిముత్యం 1986 మార్చిలో వచ్చింది. మా ఊరు దాకా రావడానికి నెలలు పట్టింది, అప్పట్లో అంతే. ఆ ఆగస్టులో గోదారి వరద ఎలాంటిదో ఈ పక్క వాళ్ళకి చెప్పక్కర్లేదు. మా హాల్లో నేల క్లాసు నడుముల్లోతు మునిగింది. నీళ్ళు తీశాక గోడ మీద బురద గీత ఉండిపోయింది, సున్నం వేసినా కనపడేది. ఆ వాసనలో, ఆ చెమ్మలో మొదట పడ్డ కొత్త బొమ్మ అదే. జనం విరగబడ్డారు. గీతల్లేవు. నా కొలత ప్రకారం అది గొప్ప సినిమానే, ముందే ఒప్పుకుంటున్నాను. కమల్ హాసన్ సంగతి, ఇళయరాజా సంగతి నేను కొత్తగా చెప్పేదేం లేదు.

నా గొడవ వేరు. మా అక్కకి అప్పటికి ఇరవై నాలుగు. బావ పచ్చకామెర్లతో పోయి రెండేళ్ళయింది. పిల్లల్లేరు. పుట్టింటికి తీసుకొచ్చేశాం. గడప దాటేది కాదు. దాటొద్దని ఎవరూ నోటితో అనలేదనుకోండి, అనక్కర్లేదు మా వైపు.

రోజూ నాకు రాత్రి కేరేజీ తెచ్చేది పక్కింటి కుర్రాడు. ఆ రోజు మొదటాటకి అక్క తెచ్చింది. వెనకాల ఇనప మెట్లెక్కి క్యాబిన్‌లోకి వచ్చేసింది. బయటివాళ్ళని రానివ్వకూడదని ప్రొప్రయిటరు కట్టడి, అయినా కూర్చోమన్నాను. రీళ్ళ పెట్టె మీద తువ్వాలు పరిచాను. రెండు ప్రొజెక్టర్లు, ఒక్కోదానికి రెండు కన్నాలు: ఒకటి బొమ్మ పోడానికి, ఇంకోటి మేం చూసుకోడానికి. ఆగి ఉన్న మిషను కన్నం దగ్గర కళ్ళు పెట్టుకుని కూర్చుంది. క్యాబిన్‌లో కొలిమిలా ఉంటుందండి, పైగా కార్బన్ పొగ. కొంగుతో ముక్కు మూసుకుని అలాగే చూసింది.

కథ మీకందరికీ తెలిసిందే. లలిత మొగుడు పోయిన పిల్ల, కొడుకున్నాడు. శివయ్య వయసొచ్చినా మనసు ఎదగనివాడు. శ్రీరామనవమి కళ్యాణం దగ్గర, ఊరంతా చూస్తుండగా, శివయ్య తాళి పట్టుకెళ్ళి లలిత మెడలో కట్టేస్తాడు. హాలంతా చప్పట్లు. ప్రతి ఆటకీ చప్పట్లే. అప్పుడే నా రీలు అయిపోవస్తోంది. తెర కుడివైపు పైమూల చుక్క పడుతుంది, మొదటి చుక్కకి రెండో మిషను మోటారు వెయ్యాలి, రెండో చుక్కకి బొమ్మ మార్చెయ్యాలి. మధ్యలో ఏడెనిమిది సెకన్లుంటుంది, అంతే. మోటారు వేశాను. సరిగ్గా అప్పుడు అక్క కన్నంలోంచి మొహం తిప్పకుండానే అంది:

"ఆ పిల్లని ఎవరన్నా అడిగార్రా?"

రెండో చుక్క వదిలేశాను. తెర తెల్లగా అయిపోయింది. కింద ఈలలు, బూతులు. గబగబా మార్చాను. మళ్ళీ చూసేసరికి అక్క లేదు, ఖాళీ కేరేజీ పట్టుకుని దిగిపోయింది.

ఆ తర్వాత ఆ బొమ్మ ఆడినన్నాళ్ళూ ఆ రీలు వచ్చినప్పుడల్లా లలిత మొహమే చూసేవాణ్ణి. రాధిక బాగానే చేసింది. కానీ ఆవిడని నిజంగానే ఎవరూ అడగరు. ముందూ అడగరు, కట్టాకా అడగరు. విధవా వివాహం మీద అభ్యుదయ చిత్రం అంటారు, ఆస్కారుకి మన దేశం తరఫున పంపారంటారు, నంది అంటారు. పంపండి, ఇవ్వండి. వీరేశలింగం గారు మా గోదారి గట్టునే, రాజమండ్రిలో, 1881లో మొదటి విధవా వివాహం చేయించారు. నూట అయిదేళ్ళ తర్వాత మన అభ్యుదయం, ఆ అమ్మాయిని అడక్కుండా వచ్చి తాళి కట్టడం దగ్గర ఆగింది. అదే నేను మోయలేనిది.

మా అక్క మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైంది.

సరే, నాది చెప్పాను. అందరూ గొప్పదని, మీకు మాత్రం ఎక్కని సినిమా చెప్పండి. "బోరు" అని ఒక్క ముక్క రాసి పారిపోకండి. ఎక్కడ ఎక్కలేదో, ఆ సీను చెప్పండి.

బెజవాడ బుల్లోడు:

బాహుబలి మొదటి భాగం, ఆపరేటరు గారూ. 2015కి జాతీయ ఉత్తమ చిత్రం. యుద్ధం బావుంది, జలపాతం బావుంది. హీరో నిద్రపోతున్న అవంతిక చేతి మీద బొమ్మలేస్తాడు, తర్వాత అడ్డంపడి జుట్టు విప్పి, బట్టలు మార్చి, కాటుక పెట్టి, ఆవిడ ఆడదని ఆవిడకే గుర్తుచేస్తాడు. కత్తి పట్టుకున్న మనిషి ఆ పాట అయ్యేసరికి సిగ్గుపడుతుంది. అవంతికని కూడా ఎవరూ అడగలేదండి. మీరు చెప్పాక ఇప్పుడు లంకె దొరికింది నాకు.

డాలస్ మామయ్య:

ఆస్కారు మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సవరణ, మా పిల్లలతో రోజూ ఇదే గొడవ. దేశం తరఫున అధికారికంగా వెళ్ళింది స్వాతిముత్యం, నామినేషన్ దాకా రాలేదు. ఆర్ఆర్ఆర్‌ని దేశం పంపలేదు, దాని పాట వేరే విభాగంలో 2023లో గెలిచింది. రెండూ కలిపి "మన సినిమాకి ఆస్కార్" అంటుంటారు. ఇక నా ఓటు ఆర్ఆర్ఆర్‌కే. ఇక్కడ థియేటర్లో తెల్లవాళ్ళు లేచి గంతులేస్తుంటే ఛాతీ ఉప్పొంగిన మాట నిజం. కానీ అల్లూరి, కొమురం భీమ్ పేర్లు పెట్టకపోతే ఆ కథకి ఏ లోటూ రాదు, మరి ఎందుకు పెట్టినట్టు?

నైట్ డ్యూటీ:

గీతాంజలి. నేను నర్సుని, పద్దెనిమిదేళ్ళ సర్వీసు, అందులో ఆరేళ్ళు గుండె జబ్బుల వార్డు. మంచు, ఊటీ, పి.సి. శ్రీరామ్ కెమెరా అన్నీ ఒప్పుకుంటాను. ఆ పాటలు నా ఫోన్లో ఉన్నాయి కూడా. కానీ చావు దగ్గర పడ్డ మనిషి అంత అందంగా ఉండడమ్మా. కాళ్ళు వాస్తాయి. రెండు మెట్లెక్కితే గోడ పట్టుకుంటారు. గుండె జబ్బున్న ఆ హీరోయిన్ పిల్ల కొండలెక్కి పరిగెడుతుంటే నా చేయి దానంతటదే నాడి చూసుకోడానికి లేస్తుంది. మా వార్డులో ఒకమ్మాయి, పంతొమ్మిదేళ్ళు, ఆ సినిమా చూసి "నేనిలా ఎందుకు లేను సిస్టర్" అంది. అప్పట్నుంచి ఎక్కడ వస్తున్నా చానెల్ మార్చేస్తాను.

గోదారి గట్టు:

మీది మా పక్క ఊరే అయ్యుంటుంది, అందుకని గౌరవంగానే చెబుతున్నా. విశ్వనాథ్ గారి మీద ఇలా రాయడానికి చెయ్యెలా వచ్చిందండీ? 1980 ఫిబ్రవరి 2న శంకరాభరణం వచ్చింది, 2023లో అదే ఫిబ్రవరి 2న ఆ మహానుభావుడు వెళ్ళిపోయాడు. అలాంటి మనిషిని ఈ రోజుల కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే ఎలా?

శివయ్య పసివాడండీ. వాడికి అడగడమంటే ఏంటో తెలీదు. లలిత కష్టపడుతోంది, ఆవిడకి తోడు కావాలి అని ఎవరో అనగా విన్నాడు, చేసేశాడు. తెలిసినవాడు కడితే దౌర్జన్యం. తెలియనివాడు కడితే దాన్ని దౌర్జన్యం అంటారా? ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, పెద్దమనుషులు ఒక్కరూ చెయ్యలేని పని వెర్రిబాగులవాడు చేశాడు, అదీ చెంపదెబ్బ. మీకా చెంపదెబ్బ కనపడలేదు, తాళి ఒక్కటే కనపడింది.

ఇంకోటి. అడిగి, ఒప్పించి, రిజిస్ట్రాఫీసులో సంతకాలు పెట్టిస్తే ఆ వరద బురదలో మీ హాలు నిండేదా? నిండిందని మీరే రాశారు.

సరిగమ టీచరు:

గట్టు గారు ఫిబ్రవరి 2 తేదీ ఎత్తారు కాబట్టి నేను శంకరాభరణం దగ్గరికే వస్తాను. కొట్టకండి. నేను వయొలినూ గాత్రమూ చెబుతాను, గుంటూరులో, ఇంటి ముందు గదిలో. ముప్ఫై ఏళ్ళుగా నా అన్నం ఆ సినిమా పెట్టిందే అనుకోండి.

సినిమాని అననండి, దాన్ని మోసేవాళ్ళనే అంటాను. టీవీలో వేసిన వారానికి ఎవరో ఒక తండ్రి పిల్లని తీసుకొస్తాడు. "మూడు నెలల్లో శంకరా నాదశరీరాపరా వచ్చేయాలి మేడమ్" అంటాడు. పిల్లకి ఇంకా మొట్టమొదటి పాఠాలు, సరళీ వరుసలే, మాయామాళవగౌళ రాగంలో రెండో కాలం రావు. "అది శంకరాభరణం రాగమే కదా" అని ఆయనే చెబుతాడు. కాదు నాయనా, అది మధ్యమావతి. కచేరీ చివర మంగళం పాడేముందు పాడుకునే రాగం. దొరకునా ఇటువంటి సేవ బిలహరి. సామజవరగమన హిందోళం, త్యాగరాజస్వామిది. బ్రోచేవారెవరురా ఖమాస్, మైసూరు వాసుదేవాచార్యులది. ఈ మాట చెబితే మొహం చిన్నబుచ్చుకుంటారు, నేనేదో సినిమా పరువు తీసినట్టు.

దానికొచ్చిన జాతీయ అవార్డు పేరేంటో ఎవరికైనా గుర్తుందా? ఆరోగ్యకరమైన వినోదాన్నిచ్చే జనరంజక చిత్రం అని. అక్షరాలా సరైన పేరు! మహదేవన్ గారికి, బాలు గారికి, వాణీ జయరామ్ గారికి విడివిడిగా వచ్చాయి, అవీ న్యాయమే. పద్ధతిగా శాస్త్రీయ సంగీతం నేర్చుకోని బాలు గారు అంతటి విద్వాంసుడి గొంతుగా నిలబడ్డారు చూడండి, నాకు దాని గొప్పతనం అక్కడుంది. మనవాళ్ళేమో కర్ణాటక సంగీతాన్నే ఆ సినిమా బతికించింది అంటారు. బతికించిందా? నా ముందు గదిలోకి ఏటా పాతికమంది వస్తారు. వర్ణం దాకా మిగిలేది ఇద్దరు. మిగతావాళ్ళు సినిమా పాట రాగానే మానేస్తారు, రాకపోయినా మానేస్తారు.

అయినా మంజుభార్గవి ఒక్క మాట మాట్లాడకుండా నిలబడే చోట్లు వస్తే ఇప్పటికీ నేను వంటింట్లోంచి వచ్చేస్తాను, ఏం చెయ్యను.

ఇందూరు బిడ్డ:

ఆపరేటర్ అన్నా, నువ్వు రాసింది చదివి రాత్రంత నిద్ర పట్టలే. గట్టు సార్ లెక్క గుస్స అయితలేను. కాని నాకు వేరే ముచ్చట ఉన్నది.

మాది నిజామాబాద్ దగ్గర ఊరు. మా నాయిన దుబాయి పోయి ఆన్నే పాణం ఇడిసిండు, 1984ల. మా అమ్మకు అప్పుడు ఇరవై ఆరేండ్లు, నాకు నాలుగు. అమ్మ బీడీలు చుట్టేది. వెయ్యి బీడీలు చుట్టి, కట్టలు కట్టి, కార్ఖానకు ఇయ్యాలె, ఆకు బాగలేదని అందుల సగం పక్కకు పారేస్తుండె. స్వాతిముత్యం వచ్చినప్పుడు బీడీలు చుట్టే ఆడోళ్ళు ఎనిమిది మంది కలిసి పోయిండ్రు, నన్ను సంకల ఎత్తుకొని. అండ్ల ముగ్గురు మొగుడు లేనోళ్ళే.

మా అమ్మకు ఆ సినిమా పాణం. ఎందుకని ఒకసారి అడిగిన. "ఆ పిల్ల సావలే కదనే" అన్నది. గంతే. అంతకుముందు సినిమాలల్ల మొగుడు పోయినామె ఏం చేస్తది? తెల్లచీర కట్టి మూలకు కూసుంటది, తులసి కోట చుట్టు తిరుగుతది, లేకుంటే ఆఖరికి ఎవలకో అడ్డం బడి కత్తిపోటు తిని సస్తది. ఇండ్ల లలిత నవ్వింది, పాట పాడింది, పిల్లల్ని పెంచింది. మా అమ్మకు గది సాలు.

ఇగ నువ్వన్నవ్ కద, ఆ పిల్లను ఎవలన్న అడిగిండ్రా అని. నిజమే, అడగలే. అయితే అన్నా, మొదటి పెండ్లికి మాత్రం ఎవలడిగిండ్రు? మా అమ్మకు పదిహేనేండ్లకు చేసిండ్రు. పెండ్లిపిల్లగాని మొకం మూడు రోజులకు చూసింది. మీ అక్కను బావకు ఇచ్చేటప్పుడు అడిగిండ్రా? దానికి ఊరంత అక్షింతలు ఏసిండ్రు, ఏ సినిమాల తప్పు పట్టలే. రెండోసారి తాళి కట్టేటప్పటికే మనకు అడుగుడు యాదికొస్తది.

నేను తప్పు మాట్లాడితే చెప్పు.

పాత ఆపరేటరు:

అమ్మా ఇందూరు బిడ్డా, తప్పేం మాట్లాడలేదు. నాకే రెండ్రోజులు జవాబు తోచలేదు.

ముందు గట్టు గారికి. శివయ్యకి తెలీదు, ఒప్పుకున్నాను. కథ రాసుకున్నవాళ్ళకి తెలుసు కదండీ. లలిత చేత ఒక్క మాట అనిపించడానికి ఎంత ఫిల్ము ఖర్చవుతుంది? నేను రోజూ చుట్టినవాణ్ణి, చెబుతున్నా: సెకనుకి అడుగున్నర. "నన్నడిగావా" అనడానికి మూడడుగులు చాలు. ఇంక ఈ రోజుల కళ్ళద్దాలంటారా, బి.ఎన్. రెడ్డి గారు విధవా వివాహం మీదే సుమంగళి తీసింది 1940లో. నేను చూడలేదు, ఆ ప్రింటు మా హాలు దాకా రాలేదు. కానీ ఈ సంగతి 1986కి మరీ కొత్తదేం కాదని మాత్రం తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న అక్కకి ఫోన్ చేశాను. ఇదంతా చదివి వినిపించాను, మీవి కూడా. తను కాకినాడలో ఉంటోంది, మా చెల్లెలి ఇంటి పక్కనే ఒక గది. బెజవాడ బుల్లోడికి నవ్వింది, నర్సమ్మ రాసింది రెండుసార్లు చదివించుకుంది. ఇందూరు అమ్మాయిది వినేటప్పుడు లైన్లో ఉందో లేదో తెలీలేదు, "అక్కా" అని పిలిచాను. "ఉన్నాలే, చదువు" అంది.

అంతా అయ్యాక, "ఆ మాట నేనన్నానా?" అంది. "అనే ఉంటాన్లే. నాకు గుర్తున్నది అది కాదు. తెర తెల్లగా అయిపోయి, నువ్వు బిక్కచచ్చిపోయి, కిందనుంచి మన వీధి కుర్రాళ్ళే నిన్ను అమ్మనాబూతులు తిడుతుంటే నాకు నవ్వాగలేదు. బావ పోయాక అదే మొదటిసారి నవ్వడం. పైకి వినపడుతుందని దిగిపోయాను."

నేను నలభై ఏళ్ళుగా అక్క ఏడుస్తూ దిగిపోయిందనుకుంటున్నానండి.

"ఇంతకీ అమ్మ కేరేజీ నా చేత ఎందుకు పంపిందో నీకు తెలీదా?" అంది. తెలీదన్నాను. అమలాపురం సంబంధం ఒకటి వచ్చిందట, పెళ్ళాం పోయిన మేష్టారు, ఇద్దరు పిల్లలు. నాన్న ఒప్పేసుకుందామన్నాడట. అమ్మ ఆగమందట. దానికి ఎలా చెప్పాలో తెలీక, ముందు ఆ సినిమా చూడనీ అని పంపిందట. అక్క ఇంటికెళ్ళి, సినిమా ఎలా ఉందే అంటే, నాతో అన్న మాటే అమ్మతోనూ అందట. అమ్మ ఏం మాట్లాడలేదట. వారం పోయాక పెరట్లో బట్టలారేస్తూ, నాన్న లేకుండా చూసి, "అమలాపురం వాళ్ళకి ఏం చెప్పమంటావే?" అని అడిగిందట.

"అడిగార్రా నన్ను. అమ్మ అడిగింది. వద్దన్నాను. నువ్వు ఆ టైముకి మ్యాట్నీకి వెళ్ళిపోయుంటావు," అంది.

ఎందుకు వద్దన్నావని నోటిదాకా వచ్చింది. అడగలేదు.

గోదారి గట్టు:

అంటే సినిమా చూపించడం వల్లే ఆవిణ్ణి అడిగారన్నమాట. ఇంక మీ ఓటు చెల్లదు ఆపరేటరు గారూ. వెనక్కి తీసుకోండి.

బెజవాడ బుల్లోడు:

ఎందుకు చెల్లదు గట్టు గారూ? సినిమాలో అడగలేదు కాబట్టే ఆవిడ ఆ మాటంది, అంది కాబట్టే వాళ్ళమ్మ అడిగింది. సినిమా తప్పు చేస్తే ఇల్లు దిద్దుకుంది. ఓటు చెల్లుద్ది.

నైట్ డ్యూటీ:

మీరిద్దరూ కాసేపు ఊరుకోండి. ఆపరేటరు గారూ, మీ అక్కగారు ఆ సినిమా మిగతా సగం ఎప్పుడైనా చూశారా?

పాత ఆపరేటరు:

లేదమ్మా, నేనూ అదే అడిగాను. టీవీలో బోలెడుసార్లు వచ్చింది, ఎప్పుడూ ఆ కళ్యాణం దాకా చూసి లేచి వేరే పనిలో పడతానంది. "చివర ఏమవుతుందిరా?" అని నన్నే అడిగింది. ముసలి శివయ్య తులసి మొక్క పట్టుకుని ఇంట్లోంచి వెళ్ళిపోతాడని చెప్పాను. "మొక్కనా? కుండీతోనా?" అంది. కుండీతోనే అన్నాను. "బరువు కదా," అంది.

ఓటు సంగతి రేపు చూద్దాం.

ఇందూరు బిడ్డ:

అన్నా, ఇగ ఒక్కటే ముచ్చట. మరి అక్కకు నచ్చిన సినిమా ఏంది? మొత్తం కూసోని చూసేది?

పాత ఆపరేటరు:

గుండమ్మ కథ. ఎన్నిసార్లు వేసినా టైటిల్స్ నుంచి చూస్తుంది, ఎన్టీఆర్ పిండి రుబ్బే పాట దగ్గర కూడా కదలదు. నేను రామారావు కోసమో సావిత్రి కోసమో అనుకునేవాణ్ణి. నిన్న మీరడగమన్నారని అడిగాను.

"సూర్యకాంతం కోసంరా. అంత పెద్ద ఇంట్లో తనే యజమానురాలు, మొగుడు ఎప్పుడు పోయాడే అని సినిమా అంతా ఒక్కడు కూడా జాలి పడడు. ఊరంతా ఆవిణ్ణి చూసి హడలి చస్తుంది," అంది.